చెత్త ఉత్తరానికి ప్రతిపదార్థం

అమెరికాలో కాపురముంటున్న తెలుగువారికి మెయిల్‌బాక్స్ తెరవడమంటే గుప్పెడు కాగితాల్లోంచి పనికొచ్చే ఒక్క ఉత్తరాన్ని ఏరుకోవడం. మిగతావి చూడకుండానే రీసైక్లింగ్ డబ్బాలో పడతాయి. చిక్కంతా ఆ చూడకపోవడంలోనే ఉంది. అక్కర్లేని ప్రతి ఉత్తరం మీదా అది ఏ దారిన మనింటికి చేరిందో చెప్పే మాటలు అచ్చయి ఉంటాయి. ఆ దారులు ఒకటి కాదు, వాటిని మూసే పద్ధతీ ఒకటి కాదు. ఒక దారికి చెప్పిన ఉపాయం ఇంకో దారికి పనిచేయదు. ‘అన్నీ చేశాను, అయినా వస్తూనే ఉన్నాయి’ అనేవారు సాధారణంగా సరైన ఉపాయాన్ని తప్పు దారిలో ప్రయోగించినవారే. అందుకని కవరునే మూలంగా పెట్టుకుని, దాని మీది మాటలను ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

‘జంక్ మెయిల్’: ముందు ఈ మాటకే హద్దు గీయాలి. మనం అడగకుండా వచ్చినది. ఏదో అమ్మడానికో, విరాళం కోరడానికో వచ్చినది. ఒకే పాఠంతో వందల వేల ఇళ్లకు ఒకేసారి తపాలాలో వెళ్లినది. ఈ మూడు లక్షణాలూ కలిస్తేనే జంక్ మెయిల్. కౌంటీ నుంచి వచ్చే ఆస్తిపన్ను నోటీసు, జ్యూరీ డ్యూటీ పిలుపు చూడటానికి ఎంత చప్పగా ఉన్నా జంక్ కావు. చూడకుండా పారేస్తే నష్టం మనకే. తలుపు పిడికి తగిలించిపోయిన పిజ్జా దుకాణం కాగితం కూడా ఈ లెక్కలోకి రాదు, ఎందుకంటే అది తపాలా కాదు. తపాలా రుసుము కట్టని కాగితాన్ని మెయిల్‌బాక్స్‌లో పెట్టడం ఇక్కడ ఫెడరల్ చట్టానికి విరుద్ధం, అందుకే అది తలుపుకు వేలాడుతుంది.

ఇక్కడే రెండు అపోహలు తొలగించుకోవాలి. మొదటిది, మెయిల్‌బాక్స్ మీద ‘నో జంక్ మెయిల్’ అని అంటించుకోవడం. ఆస్ట్రేలియాలో ఆ చీటీకి విలువ ఉంది. అమెరికాలో లేదు; రుసుము కట్టిన ప్రతి ముక్కనూ దాని మీది చిరునామాకు చేర్చడం పోస్ట్‌మ్యాన్ విధి. రెండోది, ఫోన్లకు ‘డూ నాట్ కాల్’ జాబితా ఉన్నట్టే ఉత్తరాలకూ ప్రభుత్వ జాబితా ఉందనుకోవడం. ఫోన్ల జాబితా 2003లో వచ్చింది. ఉత్తరాలకు అలాంటిది జాతీయ స్థాయిలో లేదు. ఉండాలనే నా అభిప్రాయం. ఒక్క చోట చెబితే తీరాల్సిన పనిని నాలుగైదు చోట్ల చెప్పుకోవాల్సి రావడం ఇంటిల్లిపాది కాలాన్నీ హరిస్తోంది.

‘ప్రీసార్టెడ్ స్టాండర్డ్’: కవరుకు కుడివైపు పైమూల, స్టాంపు ఉండాల్సిన చోట ఒక చిన్న చతురస్రం, అందులో ‘పీఆర్‌ఎస్‌ఆర్‌టీ ఎస్‌టీడీ’ అనే పొట్టి అక్షరాలు, కింద ‘యూఎస్ పోస్టేజ్ పెయిడ్’, ఒక పర్మిట్ నంబరు. ప్రీసార్టెడ్ అంటే తపాలాకు ఇవ్వకముందే పంపినవారు జిప్ కోడ్ ప్రకారం వేరుచేసి కట్టలు కట్టినది. పోస్టాఫీసు చేయాల్సిన పనిలో కొంత వాళ్లే చేసిపెట్టారు కనుక రేటు తగ్గుతుంది. స్టాండర్డ్ అనేది తరగతి పేరు. 1996 వరకు దీన్ని థర్డ్ క్లాస్ అనేవారు, ఆ తర్వాత స్టాండర్డ్ మెయిల్ అన్నారు, 2017 నుంచి మార్కెటింగ్ మెయిల్ అంటున్నారు. కవర్ల మీద మాత్రం పాత పేరు ఇంకా నడుస్తోంది. ఈ రేటు దక్కాలంటే ఒక్క విడతలో కనీసం 200 ముక్కలు గానీ 50 పౌండ్ల బరువు గానీ ఉండాలి. అనగా, ఆ చతురస్రంలో ఈ అక్షరాలు కనబడితే అదే ఉత్తరం మీతో పాటు పదుల కొద్దీ, సాధారణంగా వందల కొద్దీ ఇళ్లకు వెళ్లిందనే అర్థం. లోపల మీ పేరు ఎంత ఆప్యాయంగా రాసి ఉన్నా సరే. 2024 ఆర్థిక సంవత్సరంలో ఈ తరగతి ముక్కలు 5,700 కోట్లు దాటాయి. ఫస్ట్ క్లాస్ ఉత్తరాలు అంతకంటే బాగా తక్కువ. తపాలా సేవకు ఇది పెద్ద ఆదాయం. దీన్ని ఆపమని తపాలావారినే అడిగితే ఫలితం ఎందుకు తక్కువో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

‘రిటర్న్ టు సెండర్’: అందరికీ మొదట తోచే ఉపాయం ఇదే. కవరు మీద ఈ మూడు మాటలు రాసి తిరిగి డబ్బాలో వేస్తే పంపినవాడికి చేరుతుందని, వాడు బుద్ధి తెచ్చుకుని జాబితా నుంచి పేరు తీసేస్తాడని. ఇందులో సగమే నిజం, ఆ సగం ఏ తరగతికి వర్తిస్తుందో తెలుసుకోవాలి. ఫస్ట్ క్లాస్ ఉత్తరమైతే, తెరవకుండా ‘రిఫ్యూజ్డ్’ అని రాసి తిరిగి ఇస్తే అదనపు ఖర్చు లేకుండా పంపినవారికి వెళ్తుంది. మార్కెటింగ్ మెయిల్ అలా వెళ్లదు. చిరునామా దగ్గర ‘రిటర్న్ సర్వీస్ రిక్వెస్టెడ్’ వంటి సూచన అచ్చయి ఉంటే తప్ప, తపాలావారు దాన్ని తమ దగ్గరే చెత్తలో కలిపేస్తారు. అనగా మీరు రాసిన ‘వద్దు’ ఎవరి కంటా పడదు. కనుక రాసే ముందు పైమూల చూడండి. కొన్ని క్రెడిట్ కార్డు ఆఫర్లు ‘ప్రీసార్టెడ్ ఫస్ట్ క్లాస్’గా వస్తాయి, వాటి మీద రాస్తే ప్రయోజనం ఉంది.

ఇంకో సంగతి. మీకంటే ముందు ఆ ఇంట్లో ఉన్నవారి పేరుతో వచ్చే ఫస్ట్ క్లాస్ ఉత్తరాలు జంక్ కావు. వాటిని తెలిసి తెరవడం, చించి పారేయడం చట్టరీత్యా నేరం. ‘ఈ చిరునామాలో లేరు’ అని ఇంగ్లీషులో రాసి పోస్ట్‌మ్యాన్‌కు తిరిగివ్వడమే పద్ధతి.

‘ఆర్ కరెంట్ రెసిడెంట్’: పేరు పక్కన ‘లేదా ప్రస్తుతం ఈ ఇంట్లో ఉన్నవారు’ అని ఉంటే ఆ ఉత్తరం నిజానికి మనిషికి కాదు, గుమ్మానికి. పేరున్న మనిషి ఇల్లు మారినా అది వెంట వెళ్లదు, అదే గుమ్మంలో పడుతుంది. ‘ఆయన ఇక్కడ లేరు’ అని రాసి ప్రయోజనం లేదు. ఉన్నవారికి అని ముందే రాశారు కదా. దీనికి ఇంకో మెట్టు పైన ‘పోస్టల్ కస్టమర్’, అక్కడ పేరే ఉండదు. పక్కన ‘ఈసీఆర్‌డబ్ల్యూఎస్‌ఎస్’ అనే పొడవాటి అక్షరాల వరుస కూడా కనబడవచ్చు. చివరి రెండు ఎస్‌లలో మొదటిది సీక్వెన్స్, రెండోది శాచురేషన్. అంటే ఒక పోస్ట్‌మ్యాన్ నడిచే దారిలోని ఇళ్లన్నిటికీ, ఆయన నడిచే వరుసలోనే పేర్చి ఇచ్చిన కట్ట. ‘అన్నిటికీ’ అంటే ఎంత? ఆ దారిలో జనం ఉంటున్న ఇళ్లలో కనీసం 90 శాతం, లేదా దుకాణాలూ ఆఫీసులూ కలుపుకొని మొత్తం చిరునామాల్లో 75 శాతం. ‘ఎవ్రీ డోర్ డైరెక్ట్ మెయిల్’ అని 2011లో తపాలా సేవ మొదలుపెట్టిన పథకం ఈ కోవలోదే. వీధి చివర కొత్తగా వెలసిన డెంటిస్టు, కారు వాష్ వాడు పేర్ల జాబితా ఏదీ కొనకుండానే ఇంటింటికీ చేరతారు. ఈ తరహాకు ఎవరూ ఒకచోట ‘వద్దు’ నమోదు చేయలేరు, ఎందుకంటే జాబితాలో తీసేయడానికి పేరే లేదు. కూపన్ల కవర్లు పంపే కంపెనీలు మాత్రం తమ వెబ్‌సైటులో చిరునామాను తీసేసే వీలు ఇస్తాయి. అలా చెప్పేటప్పుడు పేరు కంటే చిరునామాను, అపార్ట్‌మెంట్ నంబరుతో సహా, తప్పు లేకుండా ఇవ్వడం ముఖ్యం.

‘ప్రీస్క్రీన్డ్’: ఇక్కడ కాస్త నిలవాలి. జంక్ మెయిల్‌లో హాని చేయగలిగినవాటిలోనూ, చట్టం బలంతో ఆపగలిగినవాటిలోనూ ఇది ముఖ్యమైనది. ప్రీస్క్రీన్డ్ ఆఫర్ అంటే, మీరు దరఖాస్తు చేయకముందే మీ క్రెడిట్ నివేదికలోని సమాచారం ఆధారంగా మిమ్మల్ని ఎంచి పంపిన కార్డు లేదా బీమా ప్రతిపాదన. బ్యాంకు తన కొలతలు చెబుతుంది, అనగా ఇంత స్కోరు పైన, ఇన్నేళ్ల చరిత్ర, ఫలానా జిప్ కోడ్‌లు. ఆ కొలతలకు సరిపడ్డ పేర్లను క్రెడిట్ బ్యూరో తీసి ఇస్తుంది. ‘ప్రీ-అప్రూవ్డ్’ అని కవరు మీద ఉన్నా అది ఖరారు కాదు. దరఖాస్తు పెట్టాక మళ్లీ పరిశీలిస్తారు, అదే కొలతలకు మీరు నిలవకపోతే కాదనవచ్చు.

1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టానికి 1996లో చేసిన సవరణలు ఈ ఎంపికను అనుమతిస్తూనే, వద్దనే (ఆప్టౌట్) హక్కును వినియోగదారుడికి ఇచ్చాయి. 2003 నాటి సవరణ ఆ ‘వద్దు’కు ఆయుష్షును రెండేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. ఆ హక్కు గురించి ఉత్తరంలోనే చెప్పి తీరాలి. మొదటి పేజీలో క్లుప్త ప్రకటన ఉండాలి, దాని అక్షరాలు చుట్టుపక్కల పాఠం కంటే పెద్దవిగా, 12 పాయింట్లకు తగ్గకుండా ఉండాలి. వివర ప్రకటన లోపల ఎక్కడైనా ఉండవచ్చు. 2005 నుంచి అమల్లో ఉన్న ఈ నియమం వల్లే ప్రతి ఆఫర్‌లోనూ 1-888-567-8688 అనే నంబరు కనిపిస్తుంది. ఆ నంబరు, ఆప్టౌట్‌ప్రీస్క్రీన్ డాట్ కామ్ అనే సైటు ఒకటే ఏర్పాటుకు రెండు ద్వారాలు. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్, ఇనోవిస్ అనే నాలుగు బ్యూరోలకూ కలిపి ఒక్కసారే చెప్పవచ్చు.

ఇందులో మనవాళ్లను తడబడేలా చేసేవి నాలుగున్నాయి. ఫోన్ ద్వారా గానీ సైటులో గానీ చెబితే ఐదేళ్లకే; శాశ్వతంగా ఆపాలంటే సైటులో ఇచ్చే ఫారాన్ని అచ్చు తీసి, సంతకం పెట్టి, తపాలాలో పంపాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతారు కనుక మోసమేమోనని ఆగిపోయేవారు చాలామంది. బ్యూరోల దగ్గర మనిషిని గుర్తుపట్టే ఆనవాలు అదే, ఇది బ్యూరోల సొంత ఏర్పాటు, అడగడంలో తప్పు లేదు. అయితే ఎవరో ఫోన్ చేసి ‘మీ ఆప్టౌట్ చేస్తాం, నంబరు చెప్పండి’ అంటే అది మోసమే. మూడోది, ఇలా వద్దనడం వల్ల స్కోరు తగ్గుతుందన్న భయం. తగ్గదు, ప్రీస్క్రీన్ కోసం చేసే పరిశీలన స్కోరును తాకని సాఫ్ట్ ఎంక్వైరీ, దాన్ని ఆపినా తాకదు. నాలుగోది, భర్త చెబితే ఇంటికంతా చెప్పినట్టేనన్న ఊహ. కాదు. నివేదిక మనిషికి ఒకటి, కాబట్టి ఎవరిది వారే చెప్పుకోవాలి. ఇంత చేసినా, ఇప్పటికే ఖాతా ఉన్న బ్యాంకు పంపేవి ఆగవు. వాటికి ఆ బ్యాంకు గోప్యతా ఎంపికల్లోనే చెప్పాలి. దారిలో ఉన్న ఆఫర్లు కొన్ని వారాలు వస్తూనే ఉంటాయి. వచ్చినవాటిని చించి ముక్కలు చేసి పారేయండి. మీ పేరు నింపి సిద్ధంగా ఉన్న దరఖాస్తు వేరేవాళ్ల చేతిలో పడటం మంచిది కాదు.

‘ట్రిగ్గర్ లీడ్’: ఈ మాట కవరు మీద ఉండదు, కానీ ఇల్లు కొన్న ప్రతి తెలుగు కుటుంబానికీ దీని దెబ్బ తెలుసు. ఇంటి అప్పుకు దరఖాస్తు చేసిన మరునాటి నుంచి ముక్కూమొహం తెలియని రుణసంస్థల ఉత్తరాలు, ఫోన్లు వరదలా వస్తాయి. కారణం, మీ దరఖాస్తు కోసం రుణసంస్థ మీ నివేదికను తీయగానే ‘ఈ మనిషి అప్పు వెతుకుతున్నాడు’ అన్న సమాచారాన్ని బ్యూరోలు ఇతర సంస్థలకు అమ్మడం. అంటే మీరు నమ్మిన బ్రోకరు మిమ్మల్ని అమ్మేశాడని నిందించడం చాలాసార్లు అన్యాయం. 2025 సెప్టెంబరులో సంతకమైన హోమ్‌బయ్యర్స్ ప్రైవసీ ప్రొటెక్షన్ చట్టం 2026 మార్చి నుంచి ఈ అమ్మకాన్ని బిగించింది. మీరు ఒప్పుకుంటే, లేదా ఆ సంస్థతో మీకు ఇప్పటికే అప్పో ఖాతానో ఉంటే తప్ప ఈ సమాచారం ఇవ్వకూడదు. అయినా ఇల్లు వెతకడం మొదలుపెట్టే ముందే ప్రీస్క్రీన్ ఆప్టౌట్ ముగించి ఉంచడం మేలు.

‘ఫైనల్ నోటీస్’: ఇల్లు కొన్నాక వచ్చే రకం ఇది. కవరు కిటికీలోంచి మీ రుణసంస్థ పేరు, కొన్నిసార్లు అప్పు మొత్తం కూడా కనబడతాయి. హోమ్ వారంటీ గడువు ముగుస్తోందనీ, వెంటనే ఫోన్ చేయమనీ ఉంటుంది. ఇంకొన్ని, దస్తావేజు నకలు తెచ్చిపెడతాం డబ్బు పంపండి అంటాయి. మన అప్పు వివరాలు వీళ్లకెలా తెలిశాయని కంగారుపడేవారు ఒకటి గ్రహించాలి. ఇక్కడ దస్తావేజు, తనఖా పత్రం కౌంటీ రికార్డర్ కార్యాలయంలో నమోదవుతాయి, అవి బహిరంగ పత్రాలు. పేరు తెలిసినంత మాత్రాన పంపినవాడికి మీ రుణసంస్థతో సంబంధం ఉన్నట్టు కాదు. ఎక్కడో సన్నని అక్షరాల్లో ‘మీ రుణదాతతో మాకు సంబంధం లేదు’ అని ఉండనే ఉంటుంది. దస్తావేజు నకలు కౌంటీలో అడిగితే కొద్దిపాటి రుసుముకే దొరుకుతుంది. ఇవి ప్రీస్క్రీన్ దారిలో రావు కాబట్టి ఆ ఆప్టౌట్‌తో ఆగవు. కొత్తగా అమెరికా వచ్చి, ప్రభుత్వ కాగితమంటే ఇంకా భయం పోని అమ్మానాన్నలు ఇంట్లో ఉంటే, ఈ రకం గురించి వాళ్లకు ముందే చెప్పడం పిల్లల బాధ్యత. భయపెట్టి డబ్బు గుంజే ఈ భాషను ఏ వ్యాపార ధర్మమూ సమర్థించదు.

‘మెయిలింగ్ లిస్ట్’: జాబితాను సాధారణంగా అమ్మరు, అద్దెకిస్తారు. ఒక్కసారి వాడుకోవడానికని తీసుకుని రెండోసారి వాడితే పట్టుకోవడానికి, జాబితా సొంతదారు అందులో తన మనుషుల పేర్లు కొన్ని కలిపి ఉంచుతాడు. దీన్నిబట్టి మనకు తేలేది: ఉత్తరం పంపినవాడికి ‘వద్దు’ అని చెబితే వాడి దగ్గర మాత్రమే ఆగుతుంది, మన పేరు అద్దెకిచ్చినవాడి దగ్గర అది అలాగే ఉంటుంది. ఆ ఇచ్చినవాడెవరో తెలుసుకోవడానికి ఆనవాలు ‘కీ కోడ్’. కేటలాగ్ వెనుక, మీ పేరుకు పైనో పక్కనో ఉండే అంకెలు, అక్షరాలే అవి. కంపెనీకి ఫోన్ చేసి ఆ కోడ్ చదివి, ఈ పేరు ఎక్కడ నుంచి తెచ్చారని అడగవచ్చు. మర్యాదగా అడిగితే చాలామంది చెబుతారు. కేటలాగ్‌ల వరకు ‘కేటలాగ్ చాయిస్’ అనే ఉచిత సేవ మన తరఫున కంపెనీలకు చెబుతుంది.

‘మెర్జ్-పర్జ్’: తెలుగువారి ఇళ్లకు ఒకే జంక్ మెయిల్ ఎందుకు పదేపదే వస్తుందో ఈ మాటలో ఉంది. వేర్వేరు జాబితాలను కలిపి, ఒకే మనిషి రెండుసార్లు ఉంటే ఒకటి తీసేసే కంప్యూటర్ ప్రక్రియ ఇది. ఒక పేరు, ఒక ఇంటిపేరు, మధ్యన ఒక అక్షరం అనే అచ్చుకు పేరు సరిపడితే ఆ ప్రక్రియ చక్కగా నడుస్తుంది. మన పేర్లు ఆ అచ్చులో ఒదగవు. వెంకట లక్ష్మీ నరసింహారావు అనే ఆయన ఒక కార్డు మీద ‘వెంకట’ పేరు, ‘నరసింహారావు’ ఇంటిపేరు. ఇంకోదాని మీద అసలు ఇంటిపేరే ఇంటిపేరు, మిగతాదంతా ముందుపేరు, అదీ చోటు చాలక మధ్యలో తెగిపోయి. మూడోచోట పాస్‌పోర్టు వరుసలో తిరగబడి. కంప్యూటర్ దృష్టిలో ఆ గుమ్మంలో ముగ్గురు మగవాళ్లున్నారు. ముగ్గురికీ మూడు కేటలాగ్‌లు. ఆయన ఒక పేరుతో ‘వద్దు’ అని నమోదు చేస్తే ఒక్కడికే ఆగుతుంది, మిగతా ఇద్దరికీ వస్తూనే ఉంటాయి. కనుక ఏ ఆప్టౌట్‌లోనైనా మీ పేరు మీకు తెలిసినట్టు కాక, లేబుల్ మీద ఎలా అచ్చయిందో అలా, తప్పులతో సహా రాయాలి. కొన్ని వారాల లేబుళ్లు కత్తిరించి దాస్తే మీ పేరుకు ఎన్ని అవతారాలున్నాయో తెలిసిపోతుంది.

‘డీఎంఏచాయిస్’: 1971లో మెయిల్ ప్రిఫరెన్స్ సర్వీస్ పేరుతో ప్రకటనదారుల సంఘమే మొదలుపెట్టిన, ప్రకటనల ఉత్తరాలు ‘వద్దు’ అనేవారి జాబితా ఇది. చిన్న రుసుముకు పదేళ్లు పనిచేస్తుంది. ప్రభుత్వానిది కాదు, ఆ జాబితాను వాడే కంపెనీలను మాత్రమే కట్టడి చేస్తుంది. అంతవరకు ఆశిస్తే నిరాశ ఉండదు.

‘నాన్‌ప్రాఫిట్ ఆర్గ్’: పైమూల చతురస్రంలో ఈ మాటలుంటే అది ధర్మసంస్థలకిచ్చే ఇంకా తక్కువ రేటు. ఒక సంస్థకు ఒకసారి విరాళమిస్తే పది సంస్థల నుంచి ఉత్తరాలొస్తాయి, ఎందుకంటే వారు దాతల జాబితాలను తమలో తాము మార్చుకుంటారు, అద్దెకిస్తారు. విరాళంతో పాటే ‘నా పేరు ఎవరికీ ఇవ్వకండి’ అని రాయడం దీనికి సరైన మందు. వీటిలో మీ పేరు అచ్చేసిన చిరునామా చీటీలు, గ్రీటింగ్ కార్డులు, ఒక్కోసారి నాణెం కూడా ఉంటాయి. తీసుకుంటే ఋణపడ్డామేమో, వాడుకోకూడదేమో అని మన పెద్దలు బాధపడతారు. అక్కర్లేదు. 1970 నాటి చట్టం ప్రకారం అడగకుండా తపాలాలో వచ్చిన వస్తువు కానుక కింద లెక్క. ఉంచుకోవచ్చు, వాడవచ్చు, పారేయవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. లోపల వచ్చే ‘బిజినెస్ రిప్లై’ కవరుకు తపాలా ఖర్చు వాళ్లదే, అదీ మనం పోస్టు చేస్తేనే. అందులో మీ లేబుల్ పెట్టి, జాబితా నుంచి తీసేయమని ఒక వాక్యం రాసి పంపడం దానికి సక్రమమైన ఉపయోగం. కసితో ఇటుకలు కట్టి పంపమని కొందరు చెప్పే సలహా వ్యర్థం. తపాలావారు దాన్ని చెత్తగా పారేస్తారు.

‘చేంజ్ ఆఫ్ అడ్రస్’: ఇల్లు మారినప్పుడు పోస్టాఫీసుకు ఇచ్చే ఫారం 3575. మార్కెటింగ్ మెయిల్ కొత్త ఇంటికి వెంట రాదు, అంతవరకు నిజం. దాంతో పీడ వదిలిందనుకోవడం పొరపాటు. శాశ్వత మార్పులు ఒక జాతీయ పట్టికలోకి వెళ్తాయి, 48 నెలల పాటు అందులో ఉంటాయి. మీ పాత చిరునామా ఇప్పటికే ఉన్న వ్యాపారులు అనుమతి పొందిన సంస్థల ద్వారా దాంతో తమ జాబితా సరిచూసుకోవచ్చు. తక్కువ రేటు కావాలంటే 95 రోజుల లోపు చిరునామాలను ఇలా సరిచూసి ఉండాలన్నది తపాలా నియమం కూడా. కొత్తవారికి మీ చిరునామా ఇందులోంచి దొరకదు, పాతవారు మాత్రం దొరకబుచ్చుకుంటారు. కాబట్టి ఆపదలచుకున్నవన్నీ పాత ఇంట్లో ఉండగానే, పాత చిరునామాతోనే ఆపుకోవాలి.

‘ఫారం 1500’: చివరి అస్త్రం, చాలామందికి తెలియనిది. కామోద్రేకం కలిగించే ప్రకటనలను ఇంటికి పంపకుండా ఆపే హక్కు 1967లో చట్టమైంది. ఉత్తరాలతో వ్యాపారం చేసేవారు అది తమ వాక్ స్వేచ్ఛకు భంగమని వాదిస్తే, 1970లో రోవన్ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ రాసిన ఆ తీర్పు సారం ఇది: వద్దంటున్న మనిషి మెయిల్‌బాక్స్ దగ్గర పంపేవాడి హక్కు ఆగిపోతుంది. ఏది ఉద్రేకకరమో తేల్చేది ఎవరు? పోస్టాఫీసు కాదు, న్యాయమూర్తి కాదు, ఉత్తరం అందుకున్నవాడు మాత్రమే. గుడ్డల దుకాణం కేటలాగ్ మీదైనా అతను అలా అభ్యంతరం చెప్పవచ్చని తీర్పులోనే ఉంది. ఈ హక్కును వాడుకోవడానికి తపాలా సేవకు పెట్టే దరఖాస్తే ఫారం 1500; దానితో పాటు ఆ ఉత్తరాన్నీ జతచేయాలి, అదీ తెరిచినదే. అనగా రిఫ్యూజ్డ్ అని రాయడానికి తెరవకూడదు, ఫారం 1500కు తెరవాలి, రెండింటినీ కలపకండి. తపాలా సేవ ఇచ్చే ఉత్తర్వు పంపినవాడికి అందిన 30 రోజుల తర్వాత అమల్లోకి వస్తుంది, ఆ పేరును అతను ఇతరులకు అద్దెకివ్వడం కూడా నిషిద్ధమవుతుంది. ఒక్కో కంపెనీకి ఒక్కో దరఖాస్తు పెట్టాలి. ఇంట్లో ఉంటున్న 19 ఏళ్లు నిండని పిల్లల పేర్లను అదే దరఖాస్తులో చేర్చవచ్చు.